పిడికిలి విప్పిన బుట్టనక్షత్రం

నన్ను నీళ్ళలోంచి గుంజి పడవలో పడేసిన పిల్ల పేరు నయదెత్. మా పడవ యజమాని దోన్ బెలర్మినో కూతురు. చిలీ దక్షిణాన మెలింకా రేవు చుట్టూ రాళ్ళ అడుగున ఎరిసోలనే ముళ్ళుండల్లాంటి సముద్రజీవుల్ని ఏరడం నా పని. పైన నా గాలి గొట్టం పట్టుకోవడం ఆమె పని. ఆమె ఒకసారి గుంజితే నేనూ ఒకసారి గుంజాలి. బతికే ఉన్నానని దానర్థం.

ఆ రోజు ఆమె నాలుగుసార్లు గుంజినా నేను పలకలేదు.

"ఏం మాయరోగం ఎల్వియో నీకు? పలకవేం?"

"సారీ. అడుగున బుట్టనక్షత్రమని ఓ జీవి ఉంటే, దాన్ని చూస్తూ ఉండిపోయాను."

"ఇక్కడ నా గుండె ఆగిపోతుంటే నువ్వు నక్షత్రాలు చూస్తున్నావా?"

కోపంలో కూడా ఎంత బాగుందో! ఆ మాట పైకి అనే ధైర్యం నాకెక్కడిది?

దోన్ బెలర్మినో తాపీగా మాతే టీ చప్పరిస్తూ తీర్పు చెప్పాడు. "గొట్టానికి పలకనివాడు నాకొద్దు అబ్బాయ్. శనివారం దాకా చేసి, వేరే పడవ చూసుకో."

పని పోతే ఇంకోటి దొరుకుతుంది. నయదెత్ దొరకదు. అదీ నా దిగులు.

మర్నాడు ఒక తెలివితక్కువ పని చేశాను. దాన్ని చూస్తే ఆమె మనసు కరుగుతుందని, బుట్టనక్షత్రాన్ని సంచిలో పెట్టి పైకి తెచ్చాను. పడవెక్కేసరికి అది చేతులన్నీ ముడుచుకుని పిడికిలంత ఉండైపోయింది.

నయదెత్ పడీపడీ నవ్వింది. "దీనికోసమా నన్ను హడలగొట్టావు? మా పిల్లి పాడుచేసిన నూలుండ ఇంతకన్నా నయం."

"కింద ఇలా ఉండదు. రాతి కొసకెక్కి, ప్రవాహానికి ఎదురుగా చేతులు చాస్తుంది. ఒక్కో చెయ్యి రెండుగా చీలుతుంది, అవి మళ్ళీ రెండుగా, అలా చీలీ చీలీ చివరికి వెంట్రుకంత సన్నమవుతాయి. నలుసంత పురుగు తగిలినా ఆ కొస ఒక్కటే మెల్లగా చుట్టుకుంటుంది. ఎంత ఒద్దికో!"

ఆమె నవ్వు ఆపింది. "ఇన్ని మాటలు వచ్చా నీకు? నాతో 'గొట్టం వదులు' తప్ప ఇంకోటి అనవేం?"

నేను తల వంచుకుని గొట్టం చుట్ట చుట్టసాగాను.

"సరే, డైవింగ్ డ్రెస్సు ఇటివ్వు. పాపం, దాన్ని నేనే దింపొస్తాను."

తండ్రి దగ్గర డైవింగ్ నేర్చిన పిల్ల, ఆపేదెవరు? ఈసారి గొట్టం నా చేతికొచ్చింది. గుంజాను, పలికింది. కాసేపాగి గుంజాను, పలికింది. మూడోసారి గుంజితే జవాబు లేదు. నాలుగోసారీ లేదు.

"లాగరా!" అని అరిచాడు దోన్ బెలర్మినో. నా అరచేతులు ఒరుసుకుపోయేలా లాగాను. ఆమె తల పైకి రాగానే ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

"పలకవేం? నీకేమన్నా అయితే నేనెలా బతకాలి? నువ్వంటే నాకు ప్రాణం, తెలుసా!"

నయదెత్ డైవింగ్ కళ్ళద్దాలు తీసింది.

"రాతిమీద పెట్టాను. ఒక్కో చెయ్యే విప్పింది ఎల్వియో. అన్నీ విప్పేదాకా కదలబుద్ధి కాలేదు. నిన్న నిన్ను తిట్టినందుకు సారీ."

దోన్ బెలర్మినో గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరికీ బుద్ధి లేదు. నిన్ను పంపేసి ఈ పిల్లని ఎలా ఉంచుకోను? ఉండు, ఇంకోసారి పలక్కపోతే చూడు! ఆదివారం భోజనానికి రా. వాళ్ళమ్మతో నువ్వే చెప్పుకో."

"ఏమని చెప్పాలి?" అన్నాను బిక్కమొహం వేసి.

నయదెత్ తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఇందాక అరిచావు కదా, అదే. కాస్త మెల్లగా చెప్పు."