వదిలి వెళ్లిన కట్టెలు

అసుర సంధ్య!

పడమటి కొండల వెనక సూర్యబింబం రక్తపు ముద్దలా కుంగిపోయింది. కెనడాలోని ఉత్తర ఒంటారియో అడవుల్లో మే నెల సాయంకాలం ఒక పట్టాన చావదు... పోయినట్టే పోయి, స్ప్రూస్ చెట్ల కొనల మీద గంటల తరబడి వేలాడుతూ ఉంటుంది. వెలుగూ కాని, చీకటీ కాని ఆ ఘోర ముహూర్తంలో దూరాన మేఘాలు గర్జించాయి. ఎండిన మాను మీద గుడ్లగూబ మెడ తిప్పి కూసింది. సరస్సు నడుమ నుంచి లూన్ పక్షి అరిచింది... ఎవరో ఆడమనిషి మతి తప్పి నవ్వుతున్నట్టుగా!

లాంటర్న్ సరస్సు ఒడ్డున, చిట్టచివరి గుడార స్థలంలో, రాళ్లు పేర్చిన నెగడు గుంట పక్కన ఏడు కట్టెలున్నాయి. బెరడు ఒలిచిన ఎర్రటి కట్టెలు. ఎవరో ఎంతో శ్రద్ధగా అడ్డంగా, నిలువుగా పేర్చి వెళ్లారు. వాటి మీద ఒక్క చీమ పాకడం లేదు. మే నెలలో ఆ అడవిలో మనిషిని మనిషిగా ఉండనివ్వని నల్ల ఈగలు సైతం ఆ కట్టెలకు బారెడు దూరంలో ఆగి, వెనక్కి మళ్లుతున్నాయి!

అప్పుడే కంకర దారి మీద రెండు మోటార్ సైకిళ్ల చప్పుడు వినిపించింది.

ముందు బండి ఒడెట్‌ది. నలభై మూడేళ్ల మనిషి, సడ్‌బరీ నికెల్ గనిలో వెల్డర్. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతోంది. ఎవరి వెనకా కూర్చోనన్నది ఆమె పట్టుదల, ఆ మాట మీద ఇద్దరు ముగ్గురు మగవాళ్లతో స్నేహం కూడా చెడింది. వెనక బండి చెల్లెలు సోలాంజ్‌ది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, లైసెన్సు చేతికొచ్చి ఎనిమిది నెలలు. తల్లి పోయేనాటికి సోలాంజ్‌కు ఐదేళ్లు. అప్పటి నుంచి జడలు వేసినా, చెంప వాయించినా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నా అన్నీ ఒడెట్టే. లాంగ్ వీకెండ్ మూడు రోజులూ బండ్ల మీద వెళ్లి అడవిలో గుడారం వేసుకుందామని చెల్లెలు చలికాలమంతా పోరు పెడితే ఇన్నాళ్లకు సరేనంది. సోలాంజ్‌కు ఇది మొట్టమొదటి యాత్ర.

"నడుం ఉందా, పోయిందా?" హెల్మెట్ తీస్తూ అడిగింది ఒడెట్.

"నడుం సంగతి తర్వాత. పిర్రలు దారిలో ఎస్పనోలా ఊరి దగ్గర ఎక్కడో రాలిపోయాయి. వెనక్కెళ్లి వెతుక్కురావాలి."

"స్టాండ్ కింద రేకు పెట్టవే మొద్దూ! మెత్తటి నేల. తెల్లారేసరికి బండి పక్కకు ఒరిగి పడుకుంటుంది."

"నువ్వు పెట్టే గురకకు ఎలుగుబంట్లే ఊరొదిలి పోతాయి. బండి పడితే వింతేముంది అక్కా?"

బండ్ల మీద వచ్చేవాళ్లకు ఒకటే చిక్కు. గుడారం తెచ్చుకుంటారు, పడుకునే సంచులు తెచ్చుకుంటారు, కట్టెలు మాత్రం మోసుకురాలేరు. పార్కు గేటు దగ్గర కట్టెలమ్మే కొట్టు వీళ్లు వచ్చేసరికి మూసేశారు. అందుకే గుంట పక్కన ఆ పేర్పు కనబడగానే సోలాంజ్ ఎగిరి గంతేసింది. గుడారాల వాళ్లలో అదొక మర్యాద. వెళ్లేవాళ్లు మిగిలిన కట్టెలు వచ్చేవాళ్లకు వదిలి వెళ్తారు, వచ్చినవాళ్లు ఆ ముక్కూమొహం తెలియని మనిషిని మెచ్చుకుని అంటించుకుంటారు. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఒడెట్ కూడా అనుమానించలేదు. చలిలో అన్నేసి మైళ్లు వచ్చిన ఏ బండి మనిషీ అనుమానించడు... ఆ సంగతి బాగా తెలిసినవాడే అక్కడ కట్టెలు పెట్టాడు!

"ఎవరో పుణ్యాత్ములు!" అంటూ సోలాంజ్ రెండు చేతులా కట్టెల్ని ఎత్తుకోబోయింది.

"పుణ్యాత్ములు కాదమ్మాయ్... నేనే."

పక్క స్థలంలో తుప్పు పట్టిన వ్యాన్ ఉంది. దాని ముందు మడతకుర్చీలో ఒక ముసలాడు కూర్చున్నాడు. ఆంబ్రోజ్ పైక్ అతని పేరు. ఎనభై దాటి ఉంటాయి. మోకాళ్ల మీద కంబళి, కంబళి కింద గుండ్రంగా ఏదో ఎత్తు. చేతి వేళ్లు కీళ్ల నొప్పులతో వంకర్లు పోయి ఉన్నాయి.

"బండి మీద వచ్చేవాళ్లకు కట్టెలెక్కడివి పాపం! అందుకే పెట్టాను. నేను ఇస్తున్నాను తల్లీ... తీసుకుంటావా?"

"తీసుకోకేం తాతా! చచ్చి నీ కడుపున పుడతాను!"

ఉరిమింది. ముసలాడి పెదవులు సాగాయి.

గుడారం మేకు కొడుతున్న ఒడెట్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇచ్చేవాడు ఇచ్చి ఊరుకోక, తీసుకుంటావా అని అడగడమేమిటి? ఆ ఆలోచన వచ్చింది, ఆకలి దాన్ని నెట్టేసింది. ఆ తర్వాత జీవితమంతా ఆ ఒక్క క్షణానికి తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

సోలాంజ్ ఏడు కట్టెలనూ ఉత్త చేతులతో ఎత్తి, గుంటలో పేర్చి, లైటర్ వెలిగించింది.

భగ్గుమంది మంట! ఎర్రగా కాదు... కుళ్లిన రాగి రంగులో, పచ్చగా, నీలంగా, కరాళ జిహ్వలు చాస్తూ లేచింది. గాలి సరస్సు మీదికి వీస్తోంది. పొగ మాత్రం గాలికి ఎదురు తిరిగి, పాములా నేల మీద పాకి, సోలాంజ్ పాదాల దగ్గర చుట్ట చుట్టుకుంది. అక్కణ్ణించి మోకాళ్లకు... నడుముకు... కంఠానికి!

"అక్కా... చలిగా ఉందే..."

అంతే. ఆమె కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి. కళ్లలో తెలుపు తప్ప ఏమీ మిగల్లేదు. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది... తెరుచుకుంటూనే పోయింది... ఆ నోట్లోంచి వచ్చిన కేక సోలాంజ్‌ది కాదు! యుగాలుగా దప్పిగొన్న ప్రేతం పెట్టిన పెడబొబ్బ అది! గుడ్లగూబ కొమ్మ విడిచి పారిపోయింది. సరస్సు మీద లూన్ పక్షి నోరు మూసుకుంది.

"సోలాంజ్!"

ఒడెట్ పరుగున వచ్చి చెల్లెల్ని రెక్క పట్టి లాగింది. కదల్లేదు. నలభై కిలోల ఆక్సిజన్ సిలిండర్లను ఒంటి చేత్తో దొర్లించే మనిషి, కాళ్లు తన్నిపెట్టి లాగినా చెల్లెలు అంగుళం కదల్లేదు. వంటగిన్నె అందుకుని సరస్సులోకి దూకి నీళ్లు ముంచి తెచ్చి మంటలో కుమ్మరించింది. నీళ్లు మంటను తాకనే లేదు... గాలిలోనే ఆవిరైపోయాయి! మళ్లీ తెచ్చింది. మళ్లీ ఆవిరి!

పకపకా నవ్వు వినిపించింది.

ఆంబ్రోజ్ పైక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కంబళి జారింది. అతని అరచేతిలో కపాలం! నూనె పట్టి నల్లబడిన ఆడమనిషి కపాలం! దాని కంటి గుంటల్లో అదే రాగి రంగు జ్వాల!

"నీళ్లకు ఆరదు పిల్లా! నేను ఇచ్చాను, అది తీసుకుంది. ఇచ్చిన కట్టెను ఉత్త చేతులతో ఎవరు అందుకుంటే వాళ్ల ప్రాణం దీని పాలు!" కపాలాన్ని పైకెత్తాడు. "నా పెళ్లాం వెర్నా! యాభై ఏళ్ల కిందట మొదటి కట్టె దీని చేతికే ఇచ్చాను. ఛస్తూ నన్ను నమ్మింది వెర్రిది! అప్పటి నుంచీ నా బానిస. ఏడేళ్లు తిరిగేసరికి ముసలితనం మీద పడుతుంది... అప్పుడో ప్రాణం దీనికి, మళ్లీ యవ్వనం నాకు! ఏడో కట్టె బూడిదయిందా, నీ చెల్లెలు అయిపోయినట్టే!"

ఒడెట్ గుంట వైపు చూసింది. ఆరు కట్టెలు అప్పటికే కాగితాల్లా కాలిపోయాయి. ఏడోది సగం మిగిలింది.

ఒడెట్ గుడారం సుత్తి అందుకుని ముసలాడి మీదికి ఉరికింది. మూడు బారల దూరంలో కంటికి కనిపించని గోడ ఏదో ఆమెను ఎత్తి వెనక్కి విసిరింది. గ్రానైటు బండ మీద పడి లేచింది. నుదురు చిట్లి, రక్తం కళ్లలోకి కారింది.

"కట్టుకట్టిన నేల ఇది! నాది కానిది ఏదీ ఈ గీత దాటి రాదు!" గర్జించాడు మాంత్రికుడు.

అతను మారిపోతున్నాడు! తలకు అంటుకున్న నెరిసిన వెంట్రుకల మధ్య నల్లటి జుట్టు మొలుచుకొస్తోంది. చెంపల ముడతలు నునుపు దేరుతున్నాయి. వంకర్లు పోయిన వేళ్లు ఒక్కొక్కటే టపటపా చప్పుడు చేస్తూ నిటారుగా సాగుతున్నాయి! ఇటు సోలాంజ్ బుగ్గలు పీక్కుపోతున్నాయి. పాతికేళ్లు నిండని పిల్ల చేతుల మీద చర్మం ముసలమ్మ చర్మంలా వేలాడుతోంది.

తెల్లగుడ్లతో అక్క వైపు తిరిగి, ఆ పిల్ల ఎంతో మర్యాదగా, తియ్యగా అంది: "వెళ్లిపోండి, ఒడెట్ గారూ. మీకేం సంబంధం?"

సోలాంజ్ పుట్టి బుద్ధెరిగాక అక్కను గారూ అన్న పాపాన పోలేదు.

ఏడో కట్టె జానెడు మిగిలింది... బెత్తెడు...

ఏడవడానికి సమయం లేదు. ఒడెట్ బుర్ర గనిలో ప్రమాదం జరిగినప్పుడు పనిచేసినట్టే పనిచేసింది. వాడు అన్న మాటలే మళ్లీ తలుచుకుంది. ఇచ్చిన కట్టెను ఉత్త చేతులతో ఎవరు అందుకుంటే... నాది కానిది ఏదీ గీత దాటి రాదు... ఆ కట్టె ఎవరిది? వాడిదే! తిరిగి వాడి చేతికే ఇస్తే?

చేతికి తోలు తొడుగులున్నాయి. వాటితో పట్టుకుంటే తన చెయ్యి బతుకుతుంది. కానీ ఇచ్చే చెయ్యి ఉత్తదై ఉండాలేమో? తొడుగుతో ఇస్తే చెల్లుతుందో, చెల్లదో! తెలుసుకునే వ్యవధి లేదు, తప్పితే రెండో కట్టె లేదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఉత్త చేత్తో వేడి ఇనుమును ముట్టని మనిషి, కుడి చేతి తొడుగును పళ్లతో లాగి ఉమ్మేసింది. మోకాళ్ల మీద కూలబడి, ఆ నీలి జ్వాలలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టింది!

అడవి దద్దరిల్లేలా అరిచింది ఒడెట్. మాంసం కాలిన వాసన ఆమె ముక్కుకే తగిలింది. వేళ్లు మూసుకున్నాయి... అవిక తెరుచుకోవేమోననిపించింది... అయినా లేచింది.

"పైక్! ఇదిగో... ఇస్తున్నా... పట్టుకో!"

బలమంతా కూడదీసుకుని విసిరింది. రగులుతున్న కొరివి గిరగిరా తిరుగుతూ గాలిలో లేచింది. తన కట్టెకు తన కట్టు అడ్డు రాలేదు! గీత దాటి నేరుగా మాంత్రికుడి మొహం మీదికి దూసుకొచ్చింది!

కాసేపటి కిందటి ఆంబ్రోజ్ అయితే ఆ వంకర వేళ్లు లేచేలోపే కొరివి ఛాతీకి తగిలి కింద పడేది. కానీ ఇప్పుడు అవి పాతికేళ్ల కుర్రాడి చేతులు! మెరుపులా లేచాయి. మొహానికి అడ్డంగా వచ్చి, ఎగిరొచ్చే బంతిని పట్టినట్టు, ఆ కట్టెను పట్టేసుకున్నాయి!

ఉత్త చేతులతో... అందుకున్నాడు!

కపాలం నేల మీద పడి దొర్లింది. ఒక్కసారిగా సర్వం నిశ్శబ్దమైపోయింది. సోలాంజ్ ఒంట్లోంచి పొగ సుడి తిరుగుతూ బయటికొచ్చి, గుంట పైన ఆడమనిషి ఆకారంలో నిలబడింది. దాని తల మెల్లగా మాంత్రికుడి వైపు తిరిగింది.

"వద్దు... వెర్నా! నేనే నీ యజమానిని! ఆజ్ఞాపిస్తున్నాను! వెర్నా... వద్దే... నా బంగారం..."

యాభై ఏళ్ల బానిసత్వం! యాభై ఏళ్ల ఆకలి! ఆమె ప్రళయ ఘోష పెడుతూ మీద పడింది. కట్టె అతని చేతుల్ని వదల్లేదు, అతనూ దాన్ని వదల్లేకపోయాడు. జుట్టు తెల్లబడింది, రాలింది. చర్మం ఎండింది, పగిలింది. ఎముకలు పెటపెటా చిట్లాయి. కేక ఇంకా గొంతులో ఉండగానే ఆ గొంతు బూడిదయింది! సరిగ్గా అప్పుడే పిడుగు పడింది... వ్యాన్, కుర్చీ, కపాలం, ఆ కట్టుకట్టిన నేల, అన్నీ ఒక్క మంటలో కలిసిపోయాయి. పొగలోని ఆకారం ఒక్క క్షణం ఆగి, గాలి వీచే వైపుకు, సరస్సు మీదుగా సాగి కరిగిపోయింది.

వాన మొదలైంది.

సోలాంజ్ బురదలో వెల్లకిలా పడి ఉంది. ఒడెట్ పాక్కుంటూ వెళ్లి ఎడమ చేత్తో ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. చెంపలు మళ్లీ నిండుగా ఉన్నాయి. కానీ ఆ రెప్పల వెనక ఉన్నది ఎవరు? అదొక్కటే ఆమె భయం.

"సోలాంజ్... పలకవే... నేనెవర్ని?"

రెప్పలు కదిలాయి. గోధుమరంగు కళ్లు రెండు ఆమె మొహంలోకి చూశాయి.

"ఏంటే నీ మొహం? రక్తమేంటి? ఇంత వానలో నన్ను బురదలో పడేసి కూర్చున్నావా, బుద్ధుందా నీకు?"

ఒడెట్ వెక్కి వెక్కి ఏడ్చింది. జీవితంలో ఏ తిట్టూ అంత తియ్యగా ఆమె చెవిన పడలేదు.

అప్పుడు సోలాంజ్ అక్క కుడి చేతిని చూసింది. వేళ్లు నల్లగా, గుప్పిట మూసినట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. ఎంత కాలితే ఇక పనికిరాదో వెల్డర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యి మళ్లీ వెల్డింగ్ టార్చ్ పట్టదని, బండి యాక్సిలరేటర్ తిప్పదని ఒడెట్‌కు అప్పుడే తెలిసిపోయింది. ఆసుపత్రి గంట దూరం. ఫోనుకు సిగ్నల్ లేదు.

సోలాంజ్ తన బండి వెనక సీటు మీది సామానంతా తాళ్లు కోసి బురదలోకి తోసేసింది. తడి చొక్కాతో అక్క చేతిని చుట్టింది. ఆమెకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది.

"నేను మెల్లగానే వెళ్తా అక్కా. మలుపుల్లో నాతోపాటు వంగు. ఎదురు లాగకు."

"తెలుసులేవే."

"తెలీదు నీకు. ఎప్పుడూ కూర్చోలేదుగా."

నిజమే. ఒడెట్ కాలు ఎత్తి, జీవితంలో మొదటిసారి మరొకరి వెనక కూర్చుంది. మిగిలిన చేత్తో చెల్లెలి నడుం చుట్టి గట్టిగా పట్టుకుంది. తడిసిన చొక్కా కింద ఆ వీపు వెచ్చగా ఉంది.