కోత ఆరని ఆకు

ఈ కథ నాకు ముందుగాల చెప్పింది బాలప్ప. దసరా ముంగట కల్హేర్ అంగడికి పోతుంటే ఆటోల నా పక్కన కూసున్నడు. నేనెవరో ఆయనకు తెల్వదు. బయట వాన. పొద్దుపోక చెప్పిండు.

"ఖేడ్‌ల ఒక దర్జీ ముసలోడున్నడంట తాతా. ఆయనింట్ల బ్రహ్మకమలం చెట్టున్నదంట. సొంత చెల్లె ఒక్క ఆకు అడిగితే ఇయ్యనని ఎల్లగొట్టిండంట. ఆమె చచ్చి దెయ్యమై, రాత్రిపూట ఆకు ఆకని తిరుగుతదంట."

"ఇయ్యనన్నడని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరో ఎందుకు, అందరు చెప్తుండ్రు."

"ఆయన ఇయ్యనంటుంటే నువ్వు ఇన్నవా?"

"నేనెట్ల ఇంట తాతా? కథ గదా!"

నా కథ నాకే చెప్పిండు. అదీ తప్పు చెప్పిండు. ఆయన పేరు, ఊరు అడిగి మనసుల పెట్టుకున్న. ఆ దర్జీని నేనే, శంకరప్పను. నలభై రెండేండ్లు నారాయణఖేడ్‌ల బట్టలు కుట్టిన. నేను కోసిన గుడ్డ దారమంత గూడ ఎక్కువ తక్కువ పోలే. సదువు లేదు. కొలతలు రాసుకునేటందుకు రాత్రిబడిల అచ్చరాలు నేర్చిన. ఆ అచ్చరాలతోనే ఇది రాస్తున్న. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

ముందు చెట్టు సంగతి. అందరు దాన్ని బ్రహ్మకమలం అంటరు. అది కమలం గాదు. మంచుకొండల మీద పూసేది వేరే. ఇది ముండ్లు లేని జెముడు జాతి, అడవిల పెద్ద చెట్ల కొమ్మలు పట్టుకొని బతుకుతది. జహీరాబాద్‌ల మొక్కలమ్మే ఆయన నాకు ఇవరంగ చెప్పిండు. పన్నెండేండ్ల కింద ఆయన దగ్గర జానెడు ఆకు తెచ్చిన. దాన్ని నాటేటందుకు ఒక పద్ధతి ఉన్నది. లేత ఆకు పనికిరాదు, ముదిరింది కావాలె. పదునైన కత్తెరతోని ఒక్క దెబ్బకు కొయ్యాలె. కోసినంక ఎనిమిది రోజులు నీడకు ఏలాడదియ్యాలె. కోత ఆరి, తెల్లటి పొర కట్టి, వేలు పెడితే కాయితం లెక్క గరుకుగ తగలాలె. అప్పుడు ఇసుక, ఎర్రమట్టి, మగ్గిన ఆకుల ఎరువు కలిపి రెండు వేళ్ల లోతు గుచ్చాలె. వారం దాక నీళ్లు చూపొద్దు. పచ్చి కోత మట్టిల పెడితే మురిగిపోతది. అందుకే పచ్చి ఆకు నేను ఇంతవరకు ఒక్కరి చేతుల పెట్టలే. ఎవ్వరడిగినా ఎనిమిది రోజులాగి రమ్మన్న.

నా చెల్లె అమృతమ్మను సిర్గాపూర్‌ల ఇచ్చినం. ఒక ఏడు రాఖీ పున్నానికి వచ్చింది. పోయేటప్పుడు నన్ను అడగకుండ ఒక ఆకు ఇరుసుకొని సంచిల ఏసుకున్నది. ఇరిసింది, కొయ్యలే. ఆరబెట్టలే. పాత బకిట్ల గుచ్చి, పొద్దుమాపు నీళ్లు పోసింది. న్యాయంగ అది చావాలె. చావలే. మూడో ఏడు ఒక్క రాత్రే తొమ్మిది పూలు పూసింది. నాకాడ తల్లిచెట్టు మాత్రం ఉత్తగనే ఏలాడుతున్నది.

వాడకట్టునంత పిలిచింది. పసుపు కుంకుమ పెట్టిండ్రు, కొబ్బరికాయలు కొట్టిండ్రు, ఫోన్లల్ల ఫొటోలు తీసుకున్నరు. చెట్టు ఎక్కడిదే అమృతమ్మా అని అడిగితే "దేవుడిచ్చిండు" అన్నదంట. నన్ను పిలువలే. నా పేరు గూడ తియ్యలే.

"ఆ ఆకు మా అన్నదని పదిమందిల చెప్పేదాక నీ గడప తొక్క, నీ ఫోను లేప" అని కబురు పెట్టిన. ఐదేండ్లు దాటింది. నేను మాట తప్పలే.

ఈ శ్రావణంల నా చెట్టుకు మొదటి మొగ్గ వచ్చింది. ఎవ్వరికి చెప్పలే. ఆకు అంచు నుంచి పొడుగు కాడ దిగింది. నాలుగు రోజులల్ల కొన పైకి వంగింది. ఆ రాత్రి పూస్తదని నాకు సమజైంది.

నా భార్య మణెమ్మ బోరంచ నల్లపోచమ్మకు బోనం తీసుకపోయి ఆ రాత్రి అక్కడనే ఉన్నది. ఇంట్ల నేనొక్కన్నే. సాయంత్రం నాలుగు దాటినకాడ నుంచి ఫోను మోగబట్టింది. చెల్లె కొడుకు దుర్గేశ్ నంబరు. మొగ్గ సంగతి ఎట్లనో తెలిసిపోయింది, కొట్లాటకు చేయిస్తుంది అనుకున్న. ఫోను తీసి బియ్యం డబ్బల పెట్టి మూత పెట్టిన. బియ్యంల నుంచి గూడ శానసేపు గుర్రుమన్నది.

తొమ్మిది కొట్టంగ మొగ్గ కదిలింది. గాలి లేదు, అయినా కదిలింది. బయటి రేకులు ఒకటొకటే ఎన్కకు ఒరిగినయి. వాసన వరండంత నిండింది. తియ్యటి వాసన. ముందు బాగనే ఉంటది, ఉండంగ ఉండంగ గొంతుల అడ్డం పడుతది. పదకొండుకు కరెంటు పోయింది. దీపం ముట్టిచ్చి చెట్టు కింద పెట్టిన. చీకట్ల ఆ పువ్వు తెల్లగ, కంచమంత అయింది. వాడల కుక్కలు గూడ మొరుగుతలేవు.

"పూసిందా అన్నా?"

గేటు సప్పుడు కాలే. బండి సప్పుడు కాలే. వరండ ఆ కొసకు అమృతమ్మ కూసున్నది. గోడకు ఆనిచ్చి ఎవరో కూసోబెట్టినట్టు కూసున్నది.

నాకు భయం కాలే. కోపమొచ్చింది.

"పిలువకుండనే వచ్చినవ్. దుర్గేశ్ దింపిపోయిండా?"

ఆమె పువ్వు దిక్కే చూస్తున్నది.

"గొంతు గట్లున్నదేంది? జలుబు చేసిందా?"

"ఆఁ... చేసింది."

ముక్కు మూసుకొని మాట్లాడినట్టు మాట. గదుమ కింది నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టుకున్నది. కొత్త గుడ్డ. అంచు మడిచి కుట్టలే, దారాలు చెంపల మీద ఏలాడుతున్నయి. అంచు కుట్టని గుడ్డ చూస్తే నాకు చెయ్యి ఊకోదు.

"పన్ను నొప్పా?"

"నొప్పి లేదు. ఇప్పుడు ఏ నొప్పి లేదు."

గాలి కొంచెం తిరిగింది. పువ్వు వాసన కింద ఇంకో వాసన... తడి పసుపు, ఇబూతి... మూసిపెట్టిన అర్ర వాసన.

"ఒక్క ఆకు ఇయ్యి అన్నా. నా చెట్టు వానలకు మురిగిపోయింది."

ఐదేండ్లు నేను ఎదురుచూసింది ఈ మాటకే. అబద్ధం చెప్ప, లోపల సంబురమైంది.

"ముందు చెప్పు. నువ్వు తీసుకపోయిన ఆకు ఎవరిది?"

"నీదే."

"ఇనబడలే."

"నీదే అన్నా."

"నాకొక్కనికి గాదు. పదిమందిల చెప్పుమన్న."

ఆమె మెల్లగ తల తిప్పింది. వాకిట్ల చీకటి దిక్కు చూసింది. అక్కడ ఎవ్వరు లేరు. గొంతు పెంచి అన్నది:

"ఈ చెట్టు మా అన్నది. దేవుడిచ్చింది గాదు. నేనే అడగకుండ తెచ్చుకున్న."

చీకట్ల నుంచి... ఒక్కరు గాదు... శానమంది ఒక్కసారే "ఊఁ..." అన్నట్టు ఇనబడ్డది.

పక్కింటోళ్లు మేల్కొన్నరేమో అనుకున్న. అట్లనే అనుకోవాలనుకున్న.

మాట ఇచ్చినంక తప్పొద్దు. కత్తెర తెచ్చి ముదిరిన ఆకు చూసి ఒక్క దెబ్బకు కోసిన. ఆమె చెయ్యి చాపింది. గోర్ల సందుల పసుపు. చెయ్యి వణుకుతలేదు. కొయ్య లెక్క ఉన్నది.

"ఇప్పుడు గాదు. కోత ఆరాలె."

"ఇప్పుడియ్యి."

"పచ్చి ఆకు ఎవ్వరికి ఇయ్య. నీకు గూడ ఇయ్య. ఎనిమిది రోజులాగి రా."

"రమ్మంటున్నవా?"

"రా."

"నీ నోటితోని అంటున్నవా... రమ్మని?"

"చెప్తున్న గదా. రా!"

"వస్త."

కరెంటు వచ్చింది. వరండ కొసకు ఎవ్వరు లేరు. గేటుకు లోపలి గొళ్లెం పెట్టిందే ఉన్నది.

తెల్లారి పువ్వు వాడి ఏలాడుతుంటే బియ్యం డబ్బల నుంచి ఫోను తీసిన. నేను లేపని ఫోన్లు పదకొండున్నయి. మళ్ల మోగింది.

"మామా... అమ్మ నిన్న నాలుగింటికి పోయింది. నువ్వు లేపకపోతివి."

పోయిన. గడప తొక్కనన్న ఇంటికి పోయిన. మా ఆచారం లెక్క అమృతమ్మను గోడకు ఆనిచ్చి కూసోబెట్టిండ్రు. నొసట ఇబూతి. ముక్కుల్ల దూది. గదుమకు తెల్లగుడ్డ, అంచు కుట్టలే, అవే దారాలు.

నా నోరు ఆగలే. "రాత్రి నాకాడికి వచ్చింది. ఆకు మా అన్నదని పదిమందిల చెప్పింది" అన్న.

దుర్గేశ్ లేచి నిలబడ్డడు. "మామా, నాలుగింటి సంది అమ్మ గీ గోడకే ఉన్నది. మేమంత చుట్టు కూసునే ఉన్నం. పీనుగ ముంగట గూడ ఆకు పంచాయితీయేనా?"

"ఒక్కసారి గూడ లేవలేదా ఎవ్వరు?"

దుర్గేశ్ పక్కోళ్ల దిక్కు చూసిండు. "పదకొండుకు కరెంటు పోయింది. గంటసేపు చీకట్లనే ఉన్నం. గంతే."

నేను ఏడ్వలే. ఆ గుడ్డ అంచులే చూసిన. సూది దారం అడుగుదామనుకున్న. ఐదు నిమిషాల పని. అడగలే.

ఆకును వరండ గోడకున్న ఇనుప మొలకు దారం కట్టి ఏలాడదీసిన. ఎనిమిదో రోజు వేలు పెట్టి చూసిన. తడి. అప్పుడే కోసినట్టు తడి. తుడిచిన. మళ్ల ఊరింది. ఆ రాత్రి వరండ కొస నుంచి అడిగింది.

"ఆరిందా అన్నా?"

"ఆరలే."

తొమ్మిదో రాత్రి... పదో రాత్రి... నెల దాటింది. రోజు అదే మాట.

"ఆరిందా?"

"ఆరలే."

మణెమ్మ చెవులతోని ఇన్నది. కొంగు నోట్ల కుక్కుకొని, మంచం పట్టె పట్టుకొని కూసున్నది.

"ఆ పచ్చిదే ఇచ్చి పంపరాదయ్యా! చచ్చిన మనిషికి గూడ నీ పద్ధతులేనా?"

"మురిగితే? మా అన్న మురిగిపోయే ఆకు ఇచ్చిండని అక్కడ గూడ చెప్తది."

"అక్కడంటే ఎక్కడ?"

"ఆ పదిమందిల."

"నీ రోషం పాడుగాను! ఆరిందని అబద్ధమన్న చెప్పు."

"ఆరంది ఆరిందని ఎట్ల చెప్ప?"

భయం లేదని అన. అలవాటయింది. ఆమె అడగాలె, నేను చెప్పాలె, తర్వాత నిద్ర పోవాలె. అమృతమ్మ బతికినప్పుడు మేమింత మాట్లాడుకోలే.

బాలప్ప ఆటోల ఆ కథ చెప్పింది అప్పుడే. ఆ రాత్రి "ఆరిందా" అనలే. తర్వాత మెల్లగ...

"ఎల్లగొట్టినవంట గదా అన్నా?"

"ఎవరన్నరే? నేను ఆగుమన్న!"

"అందరు అంటుండ్రు."

తెల్లారి గేటుకాడ నిలబడి పోయేటోన్ని, వచ్చేటోన్ని ఆపి చెప్పిన. ఎనిమిది రోజులాగుమన్న, ఇయ్యనన్లే అని. నవ్విండ్రు. నవ్వి, పోయి, ఇంకింత కలిపి చెప్పిండ్రు. దీపావళి ఎనక మణెమ్మ పిండి గిర్ని కాడికి పోతే అక్కడ రోజ అనే ఆమె చెప్తుందంట, ముసలోడు చెల్లెను కత్తెరతోని కొట్టిండని. ఇంటికొచ్చి నాకు చెప్పలే మణెమ్మ. తర్వాత అడిగితే చెప్పింది. కానీ నాకు ముందే తెలిసింది. ఆ రాత్రే...

"కత్తెరతోని కొట్టినవంట గదా. మెడ మీద... చూడు."

వరండల నుంచి గాదు. లోపలి అర్రల నుంచి. నా మంచం ఎన్క గోడ నుంచి.

నేను చూడలే.

తెల్లారి మొల కాడికి పోతే ఆకు కోత ఆరి ఉన్నది. తెల్లటి పొర కట్టింది. మూడు నెలలు తడి ఊరింది, ఒక్క రాత్రిల కాయితం లెక్క అయింది. రెండు చేతులతోని తీసి గడప మీద పెట్టిన. "ఇగో చెల్లె, ఆరింది, తీసుకపో" అన్న. తెల్లారేదాక పెట్టినకాడనే ఉన్నది. ఇప్పుడామెకు ఆకు అక్కరలేదు. ఊరు ఏది చెప్తే అది ఆమెకు అయితున్నది. నిజంగ అయింది ఆమెకు యాదికి లేదు. యాదికి ఉన్నది నాకొక్కనికే. నన్నెవరు అడుగుతరు?

నిన్న పొద్దున ఆ కథకు కొస గూడ కట్టిండ్రు. ఆటో తోలే శ్రీను బస్టాండుల చెప్తుంటే, నన్ను చూసి అందరు నోరు మూసుకున్నరు. గల్ల పట్టుకొని అడిగితే చెప్పిండు. కార్తీక పున్నం నాడు చెల్లె వచ్చి అన్నను తోలుకపోయిందంట. ఆ ఇంట్ల ఇప్పుడు ఎవ్వరు లేరంట. మణెమ్మ గూడ లేదంట.

"నేను నీ ముంగటనే ఉన్న గదరా?"

"కథ గదా పెద్దాయినా! ఉత్తగ..."

రేపే కార్తీక పున్నం.

నేను ఎవ్వరిని ఏది అడిగి ఎరుగ. ఇప్పుడు అడుగుతున్న. ఇది సదివినోళ్లు ఎవరన్న, ఒక్కరన్న, ఖేడ్ బస్టాండుల గాని, సిర్గాపూర్ పోయే ఆటోల గాని, పదిమంది ఉన్నకాడ నిలబడి కథను సరిజెయ్యుండ్రి. శంకరప్ప ఇయ్యనన్లే. ఎల్లగొట్టలే. కొట్టలే. కోత ఆరేదాక ఎనిమిది రోజులాగుమన్నడు. గంతే అన్నడు. నా మాట ఆమె ఇంటలేదు. మీరు చెప్తే ఇంటది. రేపు పొద్దుగూకక ముందే చెప్పుండ్రి. జర గట్టిగ చెప్పుండ్రి.