అత్తా అని పిలిచినోడు

"ఏమయ్యా, జర ఆగు! గా బెడ్ మా అమ్మది."

నారాయణఖేడ్ దవాఖాన డయాలసిస్ గదిలో, కిటికీ పక్క మంచమెక్కబోతున్న పిలగాడు ఆగాడు. బయట వాన దంచుతోంది. తడిసిన చున్నీతో సుహాసిని, ఆమె వెనకే గోడ పట్టుకుని నిలబడ్డ తల్లి సంగమ్మ.

"పేరు రాసుకున్నదా?" అన్నాడు.

"రాయకుంటే ఏంది? మొదటి సంది గిక్కడనే పండుతది. ఎండాకాలం వానాకాలం లేకుండ నీకు మంకీక్యాప్ ఒకటి!"

అతను టోపీ తీశాడు. నున్నటి గుండు. కనుబొమలు కూడా లేవు. సుహాసిని ఒక అడుగు వెనక్కి వేసింది.

"పరేషాన్ గాకు. మొక్కు తీర్చుకున్న అనుకో," అని నవ్వి పక్క మంచానికి మారాడు.

అతని పేరు మహిపాల్. నాగల్‌గిద్దలో ట్రాక్టర్ల మెకానిక్. సుహాసిని బస్టాండ్ దగ్గర బ్లౌజులు కుడుతుంది. తండ్రి పోయాడు. షుగర్‌తో సంగమ్మ కిడ్నీలు పాడైనప్పటి నుంచి దవాఖాన ఉన్న రోజు షాపు ఉండదు.

తర్వాత వచ్చినప్పుడూ వానే. సంగమ్మే అడిగింది. "గీ వయసుల నీకేంది బిడ్డా గీ కష్టం?"

"లింఫోమా. రక్తానికొచ్చే క్యాన్సరే. పట్నంల మొదటి కీమో ఇస్తే గడ్డలన్నీ ఒక్కపారే కరిగినయ్. చచ్చిన కణాల చెత్తంత పోయి కిడ్నీలకు అడ్డం పడ్డది. మందు పనిచెయ్యక గాదు అత్తా, మస్తుగ పనిచేసి గిట్లైంది."

"మా అమ్మను అత్తా అంటవేంది?" సుహాసిని కస్సుమంది.

"చిన్నమ్మా అంటే నువ్వు చెల్లెవైతవు గద!"

మెషీన్ల చప్పుడులో కూడా సంగమ్మ నవ్వు వినబడింది. సుహాసిని కిటికీ వైపు తిరిగి వాన చూసింది. నిజానికి అప్పటికే వాన వెలిసింది.

అట్లా కొన్ని వారాలు గడిచాయి. సంగమ్మతో సరిహద్దు ఊళ్ల కన్నడ ముచ్చట్లు, సుహాసినితో కయ్యాలు. ఒకరోజు మహిపాల్ మంచమెక్కలేదు. ముఖం వెలిగిపోతోంది.

"నా కిడ్నీలు లేచినయ్! మూత్రం మంచిగొస్తుంది. ఇగ డయాలసిస్ అక్కర్లేదన్నరు!"

"మంచిది," అంది సుహాసిని. అంతే. తల్లి చేతికి సూదులు గుచ్చుతుంటే అటే చూస్తూ ఉండిపోయింది. మహిపాల్ కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

"నీ దిక్కు చూసి చూసి పోయిండు. ఒక్క నవ్వు నవ్వితే ఏం బోయింది నీది?" అంది సంగమ్మ.

మహిపాల్ నుంచి ఫోన్ రాలేదు. రెండో కీమోకు పట్నం పోయాడని తెలిసింది. సుహాసిని ఒక బ్లౌజుకు చేతులు తిరగేసి కుట్టింది. విప్పుతూ విప్పుతూ కత్తెర పక్కన పెట్టి, తనే ఫోన్ చేసింది.

"ఎట్లున్నవు?"

"రేపు కీమో. గీపారి ముందుగాల్నే సెలైన్లు ఎక్కిస్తుండ్రు, కిడ్నీలు కాపాడే గోళీలిచ్చిండ్రు. అయినా చూడాలె అన్నరు. నువ్వెందుకు ఫోన్ చేసినవు? ఇంట్ల ఒక పేషెంట్ చాలదా?"

"ఇను. ఆ రోజు నాకు కోపమొచ్చింది. మా అమ్మయి ఇగ లేవవు, నీయి లేచినయ్. ఓర్వలేకపోయిన. ఇంకోటి... బాగైతే నువ్వు మళ్ల రావు గద అనిపించింది."



"నాకు గూడ సిగ్గైంది, అత్త ముందల గట్ల ఎగిరినందుకు. అడుగుదామంటే భయం. మళ్ల కిడ్నీలు ఆగితే? క్యాన్సరే తిరిగొస్తే? ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

"ఏమడుగుతవు?"

"తెల్వదా?"

"తెలుసు. అయినా అడుగు."

అడిగాడు.

"మా అమ్మ నాతోనే ఉంటది మరి."

"అత్త రాకుంటే నేనే ఒప్పుకోను."

ఆ కీమోకు కిడ్నీలు నిలిచాయి. తర్వాతి వాటికీ నిలిచాయి. ప్రతిసారీ రక్తం రిపోర్టు వచ్చేదాకా ఇద్దరికీ అన్నం దిగేది కాదు. చివరి స్కాన్‌లో గడ్డలు కనబడలేదు. పరీక్షలకు మాత్రం వస్తుండాలన్నారు డాక్టర్లు. మహిపాల్ తల్లి స్వరూపరాణి పూలూ పండ్లూ పట్టుకుని వచ్చింది.

పంతులు పెట్టిన ముహూర్తం సంగమ్మ డయాలసిస్ రోజే పడింది. మార్పిద్దామంది సుహాసిని.

"ఏమొద్దు. పొద్దుగాల్నే పోయి కూసుంట. తాళి యాళ్లకు రానా?"

పెళ్లి రోజు బాజాలు ఊపందుకున్నాయి. పంతులు రెండుసార్లు తొందరపెట్టాడు. మహిపాల్ తాళి చేతిలో పట్టుకుని గేటు వైపే చూస్తున్నాడు.

"ముహూర్తం దాటుతుందయ్యా!"

"దాటనీయుండ్రి. అత్త రానీ."

ఆటో ఆగింది. సంగమ్మ దిగింది. ఎడమ చేతికి అప్పుడే అంటించిన దూది, ప్లాస్టర్. అడుగులో అడుగు వేసుకుంటూ మండపం దాకా వచ్చి, కుడి చేత్తో అక్షింతలు పట్టుకుంది.

"నన్నేం చూస్తవు? కట్టు బిడ్డా," అంది.