అరవై ఒకటో తిరుగుమాట

అసిరమ్మ చెవి ఆ ఉదయం కూడా పరీక్ష నెగ్గింది. చెవిపెట్టెలో ఒక ముసలాయన గొంతు, "మా మేక పొరుగింటి తోటకూర మేసిన మాట నిజమే గానీ, వాళ్ల కంచె అంతకుముందే పడిపోయి ఉంది" అన్నది. "మేక మేసిందని ఒప్పుకున్నాడు. తప్పు కంచెదంటున్నాడు" అని ఆమె తిరిగి చెప్పింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి పనిరోజూ తొమ్మిది గంటలకు ఆమె ఇలా మేకల గురించీ కంచెల గురించీ విని, తన మాటల్లో తిరిగి చెబుతోంది. ఆ తర్వాత రోజంతా ఆ విద్యతో పనే పడదు.

"పాసైపోనావా అప్పా?" అన్నాడు దండాసి. విచారణసభలో తీగలూ దీపాలూ చూసేది అతనే. యాభై దాటిన మనిషి, ఆమెకంటే రెండేళ్లు చిన్న. సాక్షి కుర్చీ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"మేక దయవల్ల" అంది అసిరమ్మ.

సభ ఒడ్డుకు కోసెడు దూరంలో, లంగరు వేసిన తెప్ప మీద ఉంటుంది. పోటు వచ్చినప్పుడు హాలంతా మెల్లగా ఊగుతుంది. అందుకే నీళ్ల గ్లాసులకు అడుగున రబ్బరు ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు బల్ల అంచు పట్టుకుని కూర్చుంటారు. సాక్షి కుర్చీలో మాత్రం పదకొండేళ్లుగా మనిషన్నవాడు కూర్చోలేదు. తూర్పుతీర సమాఖ్య అధ్యక్షుడు శౌరి తరఫున అక్కడ ఆయన ప్రతిముఖం, అంటే వెలుతురుతో అల్లిన నకలు, కూర్చుంటుంది. ఆయన రూపం, ఆయన గొంతు, ఆయన సంతకం అన్నీ దానివే. ఒకసారి రెండు ప్రతిముఖాలు ఒకే ఓడరేవును ఇద్దరికి కట్టబెట్టాక, ఒక అధ్యక్షుడికి ఒకటే ఉండాలని చట్టం చేశారు. చేతిరాత సంతకాన్ని కూడా అప్పుడే రద్దు చేశారు.

ఆ కుర్చీ కింద ఒక ఎర్రదీపం ఉంది. అందులో కూర్చుని అబద్ధమాడితే అది వెలుగుతుంది. ఇంతవరకూ ఒక్కసారీ వెలగలేదు. అది చూసి, మా ప్రభుత్వం అబద్ధమాడదని అధ్యక్షభవనం ఏటా ఒక ప్రకటన కూడా ఇస్తుంది. అబద్ధం ఆడకుండానే జవాబు ఎగ్గొట్టవచ్చన్న సంగతి దీపానికి తెలియదు. యంత్రానికి అది నేర్పడం ఎవరి వల్లా కాలేదు. దానికే మనిషి చెవి ఒకటి ఉంచారు. ఆ చెవి గల మనిషి నమోదరి, ఇప్పుడు అసిరమ్మ. ప్రశ్నకూ జవాబుకూ మధ్య నిలబడి, జవాబును ఒకటి రెండు వాక్యాల్లో తన సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. అడిగినవాళ్లు "ఔను" అంటే జవాబు నమోదవుతుంది, ఆ ప్రశ్న శాశ్వతంగా మూతపడుతుంది. సమాఖ్య పుట్టినప్పుడు సభకు వచ్చినవాళ్లలో సగం మంది పడవలవాళ్లు. తగవుల్లో మధ్యవర్తి చేత ఇలా తిరుగుమాట చెప్పించడం వాళ్ల అలవాటు. దాన్నే సభా నియమాల్లో మొదటి పేజీలో రాసిపెట్టారు.

కాలం గడిచేకొద్దీ నమోదరులకు ఎందుకీ శ్రమ అనుకుని, ప్రతిముఖ శాఖవాళ్లు తిరుగుమాటను తామే రాసి నమోదరి బల్ల తెర మీదికి పంపడం మొదలుపెట్టారు. చదివితే చాలు. అసిరమ్మ కూడా చదివింది. చదవగా చదవగా చెవి ఉన్నదన్న సంగతే మరిచిపోయింది, పొద్దున్న మేకల దగ్గర తప్ప.

తొమ్మిదీ నలభైకి ఆమె బల్ల తెర వెలిగింది. "అధ్యక్షులవారు ఘటన పట్ల తీవ్ర విచారం వ్యక్తం చేసి, పూర్తి వివరణ ఇచ్చారు" అని ఉంది.

అసిరమ్మ గోడ గడియారం చూసింది. విచారణ పది గంటలకు.

"దండాసీ, ఇటు రా. ఇది నిన్నటిదా, ఇయ్యాల్టిదా?"

అతను వచ్చి వంగి చూశాడు. "అరవై ఒకటో ఫిర్యాదని రాసుంది గదా. ఇయ్యాల్టిదే."

"ఆయనింకా నోరు తెరవనేదు."

దండాసి మెడ గోక్కున్నాడు. "తొందరపడి ముందే నొక్కేసినట్టున్నారు. రోజూ పది దాటాకే వత్తాది." మళ్లీ తెర చూసి, "రోజూ ముందే రాసుంచుతారేటో. ఇయ్యాల మనకి దొరికిపోనారు" అన్నాడు.

అసిరమ్మ వెనకటి రోజులు లెక్కపెట్టుకుంది. కడలిగోడ కేసులో అరవై తిరుగుమాటలు చదివింది. అరవైకి అరవై ఇదే వాక్యం. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి, ఒక్కొక్క ప్రశ్న అడిగి, ఆమె చదివింది విని, సభలో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని "ఔను" అని వెళ్లిపోయారు. ఆ మాటలు పలికించిన నోరు తనదే కదా అని మొదటిసారి సిగ్గుపడింది.

కడలిగోడ సంగతి తెలియనివాళ్లు లేరు. పెనుగాలి రోజున గోడ నాలుగో తలుపును అనుకున్న వేళకన్నా గంట ముందే మూసేశారు. నలభై మూడు పడవలు బయట ఉండిపోయాయి. అరవై ఒక్క ఇళ్లలో మనుషులు తిరిగి రాలేదు. మూయమన్న ఉత్తర్వు అధ్యక్షుడిది. పడవలు బయట ఉన్నాయని తెలిసి మూయించాడా, తెలియక మూయించాడా అన్నదే తేలలేదు. ఆ ఒక్క ప్రశ్నా ఈ రోజు చివరి మనిషి చేతిలో ఉంది. అది కూడా మూతపడితే ఇక ఎవరూ, ఎప్పుడూ, ఎక్కడా అడగడానికి వీల్లేదు.

ఆ చివరి మనిషి పేరు నూకాలు. భర్తనూ మరిదినీ ఒకే రోజు పోగొట్టుకున్నది. వసారాలో బెంచీ మీద కూర్చున్న ఆమె, అసిరమ్మ తన చెవికి సభలో మాటలు వినిపించే బిళ్ల తగిలిస్తుంటే తలెత్తింది.

"అమ్మా, ఈయన ఇయ్యాలైనా సెప్తాడంతావా?"

ఏం చెప్పబోతాడో అసిరమ్మ అప్పటికే చదివి ఉంది. "అడుగమ్మా" అంది.

పది గంటలకు సభ మొదలైంది. విచారణ పెద్ద కాత్యాయని గంట కొట్టింది. సాక్షి కుర్చీలో వెలుతురు ముద్దకట్టి అధ్యక్షుడిలా తయారైంది. ఖద్దరు కోటు, నెరిసిన కణతలు, ప్రమాణం చేస్తూ ఎత్తిన కుడిచెయ్యి. నూకాలు కాగితం చూడకుండా అడిగింది.

"బాబూ, తలుపు మూసీమన్నప్పుడు బయట మా పడవలున్నాయని నీకు తెల్సా, తెలీదా?"

"ఈ తల్లి కన్నీళ్లు నన్ను నిద్రపోనివ్వడం లేదు" అన్నది ప్రతిముఖం. గొంతు సరిగ్గా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. "ఆ రోజు లక్షల ప్రాణాల బాధ్యత నా మీద ఉంది. అందిన సమాచారాన్నంతా నిపుణులు సమీక్షించారు. ఆ విషాదానికి నేను తీవ్రంగా విచారిస్తున్నాను." ఎర్రదీపం వెలగలేదు. అందులో ఒక్క అబద్ధమూ లేదు మరి.

తెర మీద వాక్యం మినుకుమినుకుమంటోంది. అసిరమ్మ లేచింది. చేత్తో తెరను బల్ల మీద బోర్లా పెట్టింది.

"విచారంగా ఉందన్నారు. పడవలున్నాయని తెలుసో తెలియదో చెప్పలేదు" అంది. తర్వాత నూకాలు వైపు తిరిగి పద్ధతి ప్రకారం అడిగింది. "ఔనా?"

నూకాలు ఆమె మొహంలోకి రెప్ప వేయకుండా చూసింది. "ఔను" అంది.

హాలులో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. కాత్యాయని కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా సభలో ఉన్న మనిషి. నియమాల పుస్తకం తెప్పించి మొదటి పేజీ తీసింది. "జవాబు రాలేదని తిరుగుమాట పడితే, జవాబు వచ్చేవరకూ సాక్షి కుర్చీ వదలరాదు" అని పైకే చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె గొంతులో హుషారు పెరిగింది. "సాక్షి మళ్లీ జవాబు చెప్పాలి."

ప్రతిముఖం మళ్లీ చెప్పింది. ఈసారి పడవలవాళ్ల ధైర్యాన్ని కూడా మెచ్చుకుంది. "మెచ్చుకున్నారు. తెలుసో తెలియదో చెప్పలేదు" అంది అసిరమ్మ. మూడోసారి ఒక స్మారక స్తంభం కట్టిస్తానంది. "స్తంభం కట్టిస్తారట. తెలుసో తెలియదో చెప్పలేదు." ఈసారి అసిరమ్మ అడగకముందే నూకాలు "ఔను" అనేసింది, వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. తెలుసంటే నేరం, తెలియదంటే ఎర్రదీపం. ప్రతిముఖాన్ని తయారుచేసినవాళ్లు ఈ రెండింటికీ దూరంగా ఉండమని నేర్పారు, మూడో దారి మూసుకుపోతుందని ఎవరూ అనుకోలేదు.

పదకొండున్నరకు దండాసి ఆమె పక్కకు వచ్చి వంగాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"అప్పా, నివ్వేటి సేసినావో తెల్సా? అధ్యక్షభవనంలో సంతకాలాగిపోనాయి. ప్రతిముఖం ఇక్కడ కట్టుబడిపోనాది గదా, అక్కడ పెట్టడానికి ఇంకోటి నేదు. ఏ కాగితమూ కదల్డం నేదంట."

"తీగ ఊడదీసీమని అడగనేదా నిన్ను?"

"అడిగినారు. ప్రమాణంలో ఉన్న సాక్షి తీగ ముట్టుకుంటే నాకు జైలని సెప్పినాను. నిజమే గదా?"

"నిజవేఁ" అంది అసిరమ్మ. ఆమెకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

పన్నెండింటికి ప్రతిముఖ శాఖ నుంచి కాత్యాయనికి లేఖ వచ్చింది. పంపిన వాక్యం చదవకపోవడం విధి తప్పడమనీ, సభ ముగిసిన క్షణం నుంచి నమోదరి అసిరమ్మ ఉద్యోగం రద్దనీ అందులో ఉంది. కాత్యాయని దాన్ని పైకి చదివి, "అసిరమ్మగారూ, సభ ముగిసిన క్షణం నుంచి" అని ఆ ముక్క మళ్లీ నొక్కి చదివింది. అసిరమ్మ బోర్లా పెట్టిన తెరను చూసింది. అది తిరగేయాలని అనిపించలేదు.

రెండు గంటలకు ఒడ్డు నుంచి పడవ వచ్చింది. అందులోంచి అధ్యక్షుడు శౌరి దిగాడు. ఊరి కూడళ్లలోని జనతెరల మీద కనిపించేవాడికన్నా పొట్టి, కణతలు ఇంకా నెరిసి ఉన్నాయి. పోటు మొదలైంది. ఆయనకు తెప్ప అలవాటు లేదు. నడుస్తూ ఒకసారి బల్ల అంచు పట్టుకున్నాడు. వెలుతురు ముద్ద చెదిరిపోయింది, కుర్చీలో మనిషి కూర్చున్నాడు. హాలంతా లేచి నిలబడి చూసింది, గౌరవంతో కాదు, మెడలు సాచి చూడటానికి. అసిరమ్మకు సంతోషం ఆగలేదు. పదకొండేళ్లలో ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినడం ఆమెకు ఇదే మొదటిసారి.

నూకాలు అదే ప్రశ్న అడిగింది.

"ఆ రోజు లక్షల ప్రాణాల బాధ్యత..." అని ఆయన మొదలుపెట్టాడు.

"అది పొద్దున్న ఇన్నాను బాబూ. మూడుసార్లు ఇన్నాను" అంది నూకాలు మెల్లగా. "తెల్సా, తెలీదా?"

శౌరి కుర్చీ కింద దీపం వైపు చూశాడు. తర్వాత అసిరమ్మ బల్ల మీద బోర్లా పడుకున్న తెరను చూశాడు. ఆయన గుటక మింగడం ఆమెకు వినబడింది. ప్రతిముఖం ఎప్పుడూ గుటక మింగలేదు.

"తెలుసు" అన్నాడు. "కానీ ఓడరేవు మునిగితే..."

దీపం వెలగలేదు. అసిరమ్మ లేచింది.

"పడవలున్నాయని తెలుసన్నారు. తెలిసే మూయించారు. కారణం ఓడరేవంటున్నారు" అంది. "ఔనా?"

నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఔను" అంది చివరికి, ఏడుస్తూ.

జవాబు నమోదైంది. శౌరి లేవబోయాడు. కాత్యాయని గంట మీదికి చెయ్యి చాపింది.

"పెద్దగారూ, నాదొక విన్నపం" అంది అసిరమ్మ. "ఈ కేసులో నేను చదివిన అరవై తిరుగుమాటలు నావి కావు. ముందే రాసి పంపినవి. ఈ రోజుది ఇరవై నిమిషాలు ముందే వచ్చింది, తెరలో వేళ పడి ఉంది. చెవితో విని చెప్పనిది తిరుగుమాట కాదు. అవి వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది."

కాత్యాయని చెయ్యి గంట దాకా వెళ్లి ఆగిపోయింది. పుస్తకం మళ్లీ తెరిచింది, ఈసారి పెద్దగా వెతకలేదు. "తిరుగుమాట లేని ప్రశ్న తెరిచే ఉన్నట్టు" అంది. "అరవై ప్రశ్నలూ తెరిచే ఉన్నాయి. సాక్షి కూర్చోవాలి."

శౌరి కూర్చున్నాడు. కుర్చీ మళ్లీ కిర్రుమంది.

దండాసి ద్వారం తెరిచాడు. ఒడ్డున జనతెరల దగ్గర సభను చూస్తూ నిలబడ్డ ఆ అరవై ఇళ్లవాళ్లు అప్పటికే పడవలు ఎక్కేశారు. మొదటి పడవ తెప్పకు ఆనుకుంటోంది. అసిరమ్మ గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది. తెరను తీసి సొరుగులో పెట్టి మూసేసింది. సభ ముగిసిన క్షణం నుంచి ఆమె ఉద్యోగం రద్దు. ఇంకా అరవై మంది ఉన్నారు, ఆమెకు తొందరేమీ లేదు.

"ఒకటో ఫిర్యాదుదారు రావాలి" అని పిలిచింది.