మన్ను కానివ్వని చేతులు

2074 నాటికి ఊళ్ళ చివర చెత్తగుట్టలు లేవు. పాలసంచీ, చెప్పు, కుర్చీ, పడవలోని ఐసుపెట్టె, అన్నీ మన్నుపొర అనే కొత్తరకం ప్లాస్టిక్‌తోనే తయారయ్యేవి. వాడటం మానేసి ఓ మూల పడేస్తే రెండు నెలలు తిరిగేసరికి మన్నయిపోయేవి. ఆ మన్నులో జనం బంతిమొక్కలు వేసుకునేవారు.

మన్నుపొరను కనిపెట్టింది డాక్టర్ మల్లిపూడి హైమవతి. మొక్కజొన్న పిండి నుంచి తీసిన పాలిమర్‌లో ఆమె బంకమట్టి కలిపింది. ముందుగా ఆ మట్టిని రసాయనాలతో మార్చి, కంటికి కనిపించనంత పలచని రేకులుగా విడదీసేది. ప్లాస్టిక్‌కు బలం ఆ రేకులదే. వాటి మధ్య రాగి, జింకు నానో రేణువులు నిద్రపోతూ ఉండేవి. మనిషి చేతి వేడి, చర్మపు జిడ్డు తగులుతున్నంత కాలం అవి లేవవు. నలభై రోజులు ఎవరూ ముట్టుకోకపోతే లేచి, పాలిమర్ గొలుసులను లోపలి నుంచి తెంచడం మొదలుపెడతాయి. మళ్ళీ చేతులు పడితే అక్కడికి ఆగిపోతాయి. మనిషి వదిలేసిందే చెత్త అన్నది హైమవతి నమ్మకం.

ప్రతి వస్తువులోనూ ఒక సంకేతరేణువు ఉండేది. వస్తువు మన్నయితే దాని సంకేతం ఆగిపోయేది. ఆ ఏడాది ప్రయోగశాలలో ఆమె సహచరుడు సాదిక్ ఒక వింత గమనించాడు. సారాలపేట అనే జాలరి ఊరి పడవ ఒకటి ఎనిమిది మందితో సముద్రంలో మునిగి మూడేళ్ళయింది. అందులోని ఎనిమిది లైఫ్ జాకెట్లు ఇంకా సంకేతాలు పంపుతున్నాయి. రేణువులు లేవలేదేమో, పదార్థంలోనే లోపముందేమో అన్నాడు సాదిక్. జాకెట్లు తెచ్చి, సీలు వేసి గోదాములో పెట్టమన్నాడు డైరెక్టరు. హైమవతి తానే బయలుదేరింది.

మిట్టమధ్యాహ్నం వేళ వలల షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక జాకెట్టు. పసిబిడ్డకు నూనె రాస్తున్నట్టు రెండు చేతులా నిమురుతున్నారు. పోయినవాళ్ళ గుర్తుగా దాచుకున్నారనుకుంది హైమవతి. అదే అడిగింది.

వాళ్ళలో పెద్దది, మైలపల్లి నూకాలమ్మ, తన ఒడిలోని జాకెట్టు తిరగేసి చూపించింది. భుజం దగ్గర చీలిపోయి, లోపలి పొర ఎండిన బురదలా పెళుసుగా ఉంది.

"సేపల ఏట నిషేదం రెండు నెల్లు పడవ ఒడ్డునే ఉండిపోనాది. ఇయ్యి పెట్టిలోనే ఉండిపోనాయి. మొదటి ఏటకే గాలివాన. తొడుక్కున్నారు. నీల్లు తగిలితే సిరిగిపోనాయి."

శవాలతో పాటు ఇవీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయని చెప్పింది. ప్రయోగశాల మనుషులు వచ్చి చూసి, మునిగినవాళ్ళే సరిగ్గా కట్టుకోలేదని రాసుకుపోయారట. ఆ రోజు నుంచి వీళ్ళు వంతులేసుకుని ముట్టుకుంటున్నారు.

"ఒగ్గేస్తే ఇయ్యీ మన్నయిపోతాయి," అంది నూకాలమ్మ. "అప్పుడు మా మాటకి సాచ్చికం ఏటుంటాది తల్లీ?"

హైమవతి ఆ చీలిక మీద వేలు పెట్టింది. అలాంటి చీలికను ఆమె అంతకుముందు చూసింది. ఆరేళ్ళ కిందట, పెట్టెలో దాచిన నమూనా యాభయ్యో రోజున తన చేతుల్లోనే చిరిగింది. పనికొచ్చే వస్తువును ఎవరూ అంతకాలం ముట్టుకోకుండా ఉండరని రాసి ఫైలు మూసేసింది. మళ్ళీ ఆ సంగతి తలపుకు రాలేదు. ఎప్పటికీ అవసరం రాకూడదని కోరుకుంటూ దాచుకునే వస్తువులుంటాయని ఆమెకు తట్టలేదు.

"నాకు తెలుసు," అంది. "ముందే తెలుసు."

షెడ్డులో చేతులన్నీ ఆగాయి. నూకాలమ్మ తిట్టలేదు. ఆ మాట నలుగురిలో చెబుతావా అని మాత్రం అడిగింది. చెబుతానంది హైమవతి. నూకాలమ్మ లేచి తన జాకెట్టును ఆమె ఒడిలో పెట్టింది. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు తెచ్చి పెట్టారు.

"మూడేల్లు మేం పట్టుకున్నాం. ఇంక నువ్వు పట్టుకో."

హైమవతి ఊళ్ళోనే గది తీసుకుంది. డైరెక్టరు ఫోను చేసి, సీలు వేసి పంపేస్తే అంతా దానంతట అదే సర్దుకుంటుందన్నాడు. ఆమె పంపలేదు. రోజూ ఎనిమిదింటినీ నిమిరేది. కొన్నిసార్లు అవి తన చేతులకంటే వెచ్చగా తోచేవి. ముప్పైనాలుగో రోజున, ఆమె రాసిన లేఖ మీద విచారణ సంఘం వచ్చి జాకెట్లు పరీక్షించింది, ఆమె వాంగ్మూలం రాసుకుంది. ప్రాణరక్షణ సామగ్రికి మన్నుపొర వాడకం నిషేధించారు. తప్పు జాలరులది కాదని కాగితం వచ్చింది. హైమవతి ఉద్యోగం పోయింది.

పని అయిపోయింది, ఇక వాటిని మన్నులో కలవనిమ్మని నూకాలమ్మ వచ్చి చెప్పింది. హైమవతి సరేనంది.

రెండు నెలల తర్వాత నూకాలమ్మ మళ్ళీ వచ్చేసరికి గదిలో ఎనిమిదీ అలాగే ఉన్నాయి. హైమవతి అరచేతులు పగిలి ఉన్నాయి.

"ఎందుకమ్మా ఇంకా?"

"ఒకటి వదిలి చూశాను," అంది హైమవతి. "ముప్పైతొమ్మిదో రోజున మళ్ళీ పట్టుకున్నాను. ఇవి లేకపోతే నేను మరిచిపోతాను నూకాలమ్మా. ఒకసారి మరిచిపోయాను కదా."