కొలత దారం

పిల్లల్ని నేను ఫోన్లోనే పెంచుతున్నాను.

నేను విజయనగరంలో, వాళ్ళు హైదరాబాదులో. నాది కాంట్రాక్టు నర్సు ఉద్యోగం. ఎప్పటికైనా పర్మనెంట్ అవుతుందన్న ఆశతో ఇక్కడే ఉండిపోయాను. మా ఆయన ఈశ్వర్‌కి అక్కడ ఒక గోడౌన్లో పని. పిల్లల్ని మా అత్తగారు చూసుకుంటుంది. ఝాన్సీ పెద్దది, వెంకీ చిన్నవాడు. రోజూ డ్యూటీ దిగగానే వీడియో కాల్ చేస్తాను. పళ్ళు తోముకున్నారా, నీళ్ళు కాచినవే తాగారా, మేడ మెట్ల మీద పరుగెత్తలేదు కదా... నేను అడక్కముందే ఝాన్సీ వరసగా జవాబులు అప్పజెప్పి నవ్వుతుంది.

ఫోన్లో మొహం కనిపిస్తుంది. ఎత్తు కనిపించదు.

జగ్గమ్మ దుకాణానికి వెళ్ళడం అందుకే అంత కష్టంగా ఉండేది. గంటస్తంభం దాటాక బజారు వెనక సందులో ఉంటుంది ఆ పాత బట్టల కొట్టు. శృంగవరపుకోట చుట్టుపక్కల ఊళ్ళలో స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకుంటారు కదా, ఆ మూటలన్నీ చివరికి అక్కడికే చేరతాయి. జగ్గమ్మ వాటిని ఉతికించి, ఇస్త్రీ చేయించి అమ్ముతుంది. ఒక్క పెళ్ళికి వేసి విప్పేసిన పిల్లల గౌన్లు, మడత నలగనివి, వెతికితే దొరుకుతాయి. ఇంటికి తెచ్చి డెట్టాల్ నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఉతికి, మళ్ళీ ఇస్త్రీ చేసి గానీ పంపను. నా చాదస్తం నాది.

కొట్టు సన్నగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. ముందు భాగంలో చొక్కాలు, ప్యాంట్లు, చీరలు. లోపల చివర్లో ఒక చీకటి గది, అందులో మూటలు, దండేల మీద పిల్లల బట్టలు. వేసుకుని చూసుకోవడానికి చోటంటూ ఎక్కడా లేదు. మగవాళ్ళు ఒంటి మీద చొక్కా మీదే ఇంకో చొక్కా తొడుక్కుని చూసుకుంటారు. ఆడవాళ్ళు జాకెట్టుని భుజాలకి ఆనించుకుని చూస్తారు. పిల్లల బట్టలకైతే దారం. భుజం నుంచి మోకాలి దాకా కొలిచి తెంపిన దారం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. దాన్ని గౌను మీద పరిచి చూసుకోవాలి. అంతే.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఒక ఆటో డ్రైవరు ప్యాంటు పట్టుకుని జగ్గమ్మతో వాదిస్తున్నాడు.

"ట్రయల్ రూము నేదేటి పిన్నీ?"

"ఎందుకు నేదు బావూ, మీ ఇంట్లో ఉన్నాది. పట్టికెల్లి ఏసుకో. బిగువైతే రేపు తెచ్చీ."

"నడుం పట్టకపోతే?"

"నడుం తగ్గించు. పేంటుదేటి తప్పు?"

అతను నవ్వుకుంటూ ప్యాంటు తీసుకుని వెళ్ళిపోయాడు. జగ్గమ్మ నన్ను చూసి, "నర్సమ్మా, దారం తెచ్చినావా?" అంది.

తెచ్చాను. కానీ అది ఎండాకాలం సెలవుల్లో ఝాన్సీని నిలబెట్టి కొలిచిన దారం. ఇప్పుడు వానాకాలం సగం అయిపోయింది. పిల్ల ఎంత ఎదిగిందో నాకేం తెలుసు? పోయినసారి పంపిన గౌను పొట్టయిందని, అయినా నేను బాధపడతానని అదే వేసుకుని బడి పండక్కి వెళ్ళిందని తర్వాత మా అత్తగారు చెప్పింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. కన్నకూతురి కొలత తెలియని తల్లిని. ఈసారి పుట్టినరోజు గౌను సరిగ్గా సరిపోవాలి.

"లోపల సూసుకో. వోన పెద్దదైపోతన్నాది, నేను ముందు పరదా కట్టుకుంతాను," అంది జగ్గమ్మ.

లోపలి గదిలోకి వెళ్ళాను. కలరా ఉండల వాసన, గంజి వాసన, వాటి కింద ఇంకేదో... చాలాకాలం పెట్టె అడుగున ఉండిపోయిన బట్ట వాసన. పైన రేకుల మీద వాన మోగుతోంది. దండేల మీద చిన్న చిన్న గౌన్లు గాలికి కదులుతున్నాయి. నీలం రంగు గౌను ఒకటి కనిపించింది. తెల్ల కాలరు, మెడ నుంచి నడుం దాకా వెనక చిన్న గుండీలు. ఝాన్సీకి నీలం ఇష్టం.

దారం పరిచి చూశాను. గౌను కొంచెం పెద్దది. కానీ దారం పాతది కదా... ఈపాటికి సరిపోతుందేమో. సరిపోదేమో.

అప్పుడు కరెంటు పోయింది.

ఫోన్ లైటు వేశాను. వెలుగు దండెం మీద పడింది, దాని కింద మూటల మీద పడింది. రెండు మూటల మధ్య ఒక పాప నిలబడి ఉంది.

నాకు భయం వేయలేదు. ఆ మాట నిజంగా చెబుతున్నాను. జగ్గమ్మ మనవరాలో, ఎవరైనా కొనడానికి వచ్చినవాళ్ళ పిల్లో అనుకున్నాను. రెండు జడలు. లోపలి బనీను మాత్రమే వేసుకుంది, ఎవరో బట్టలు మారుస్తూ మధ్యలో వదిలేసినట్టు. నాకు అనిపించింది ఒక్కటే. ఈ పిల్ల మా ఝాన్సీ అంతే ఉంటుంది.

"మీ అమ్మ ఎక్కడమ్మా?" అన్నాను.

పాప కదల్లేదు. నా చేతిలోని గౌనునే చూస్తోంది.

"ఇది ఒక్కసారి వేసి చూడనా? మా ఝాన్సీ కోసం. నీ అంతే ఉంటుంది."

పాప రెండు చేతులూ పైకెత్తింది. బట్టలు తొడిగించుకునే ప్రతి పిల్లా ఎత్తినట్టే, కళ్ళు మూసుకుని. ఒక పిల్లకి బట్టలు తొడిగి ఎన్నాళ్ళయింది! ఫోన్ని మూట మీద పెట్టి గౌను తల మీదుగా దించాను. వెనక్కి తిప్పి గుండీలు పెట్టాను, కింద నుంచి మెడ దాకా. వేళ్ళకి తగిలిన వీపు చల్లగా ఉంది. పిండి ఆరేయని బట్ట ఉన్నట్టు... తడి చల్లదనం. వానలో తడిసింది కాబోలు అనుకున్నాను.

దారం తీసి భుజం మీద ఆనించాను. మోకాలి దాకా రాలేదు. సంచిలోంచి దారపు ఉండ తీసి కొత్తగా కొలిచి తెంపాను. "మా ఝాన్సీ కొలత ఇదీ," అని చివర ముడి వేశాను. గౌను కొంచెం వదులుగానే ఉంది.

"వదులుంటేనే మంచిది," అన్నాను, నాలో నేను. "పెరిగే పిల్ల కదా."

పాప తల తిప్పింది. గుసగుసగా అడిగింది.

"నేను పెరగొచ్చా?"

ఏ తల్లయినా ఏమంటుంది?

"పెరగాలమ్మా. బాగా తిని పెద్దదానివవ్వాలి."

పాప ఇంకోసారి అడిగింది. ఈసారి గొంతు నా చెవి పక్కనే వినిపించింది... పాప మాత్రం ఎదురుగానే ఉంది.

"నిజంగా?"

"నిజంగా," అన్నాను.

"నర్సమ్మా..." ముందు నుంచి జగ్గమ్మ పిలిచింది. "ఎవుల్తో మాటాడతన్నావు?"

తల తిప్పాను. ఒక్క క్షణం. మళ్ళీ చూసేసరికి రెండు మూటల మధ్య ఎవరూ లేరు.

గౌను నేల మీద ఉంది. కుప్పగా పడి లేదు. చేతులు రెండూ పైకి చాచి, పరిచినట్టు ఉంది. గుండీలు మెడ దాకా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా ఊడలేదు. ఆ మెడలోంచి పిల్ల తల బయటికి రాదు. వంగి ముట్టుకున్నాను.

వెచ్చగా ఉంది.

జగ్గమ్మ చార్జింగ్ లైటు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గౌనుని చూసింది, నా చేతిలో దారాన్ని చూసింది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

"ఇక్కడ పాప..." అన్నాను.

"ఇక్కడ పిల్ల ఎవులూ నేరు." గొంతు బాగా తగ్గించింది. "తొడిగినావా?"

తలూపాను.

"కొలిసినావా?"

"కొలిచాను."

"మీ పిల్ల పేరు సెప్పినావేటి?"

దారం చివర వేసిన ముడి చూపించాను. జగ్గమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగేసింది. ఆ కొత్త దారాన్ని కొనగోళ్ళతో పట్టుకుని వాన నీళ్ళు పారుతున్న కాలవలో పడేసింది.

"ఎల్లిపో తల్లీ. గౌనొద్దు, ఏటొద్దు. ఇంటికెల్లి నీ కూతురితో మాటాడు."

వానలో పరుగెత్తాను. అద్దె గది తాళం తీసి, తడి బట్టలతోనే ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ కలవలేదు. మళ్ళీ చేశాను. కలవలేదు. గోడ మీద పిల్లల ఫొటో తప్ప ఆ గదిలో నాకెవరున్నారు? ఆ చీకట్లో ఫోన్ చెవికి నొక్కుకుని, వినిపించే ప్రతి చప్పుడునీ లెక్కకట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి మోగింది.

"ఏటే గౌరీ, అలా రొప్పుతన్నావు?" అంది మా అత్తగారు.

"ఝాన్సీ ఏదత్తా?"

"అన్నం తింటన్నాది. ఏటైనాది నీకు?"

ఝాన్సీ ఫోన్ తీసుకుంది. మూతి నిండా పప్పు. "పళ్ళు తోమాను, కాచిన నీళ్ళే తాగాను, మెట్ల మీద పరుగెత్తలేదు," అని గడగడా చెప్పి, ఆగింది. "అమ్మా, ఏడుస్తున్నావా?"

"లేదే. వానలో తడిశాను," అన్నాను.

పుట్టినరోజుకి కొత్త కొట్లో గౌను కొని పంపాను. పాత దారం కొలతకే, కొంచెం వదులుగా. బాగుందన్నారు. చలికాలం వచ్చింది, వెళ్ళింది. గౌను ఇంకా వదులుగానే ఉంది.

"పిల్ల బట్టలు పొట్టవడం మానీసినాయే, కలిసొచ్చినాది," అని మా అత్తగారు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈశ్వర్‌ని డాక్టరు దగ్గరికి పంపాను. రక్తపరీక్షల కాగితాలు వాట్సాప్‌లో తెప్పించుకుని నేనే చదివాను. అన్నీ బాగున్నాయి. కొందరు పిల్లలు కొన్నాళ్ళు ఆగి ఒక్కసారిగా ఎదుగుతారని డాక్టరు అన్నాడట. అదే మాట నేను వార్డులో ఎంతమంది తల్లులకి చెప్పానో.

ఉండబట్టలేక జగ్గమ్మ దగ్గరికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. లోపలి గది తలుపు బార్లా తీసి ఉంది. జగ్గమ్మ అక్కడే కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"మొదట్లో ఇక్కడ ట్రయల్ రూము ఎట్టినాను తల్లీ," అంది, నేను అడక్కుండానే. "మూలకి ఒక కర్టెను కట్టినాను. ఎవులు ఎల్లినా లోపల ఎవులో ఉన్నారని తిరిగొచ్చీసేవోరు. కొట్టు కాళీగా ఉన్నప్పుడు కూడా కర్టెను కింద చిన్న పాదాలు కనిపించీవి. తీసీసినాను. ఏ ఊరి మూటలో వచ్చినాదో, ఎవుల కన్నబిడ్డో."

"ఇప్పుడు?"

జగ్గమ్మ నా మొహం చూడలేదు. మడత మీద మడత పెడుతూనే ఉంది.

"నువ్వొచ్చెల్లిన కాడినుంచి ఈ గది బాగున్నాది. ఏ సప్పుడూ నేదు." మడత పక్కన పెట్టి అంది. "ఇక్కడ నేదు తల్లీ."

సెలవు దొరకగానే హైదరాబాదు వెళ్ళాను. బస్సు దిగగానే ఇద్దరూ వచ్చి పట్టుకున్నారు. వెంకీ తల నా గుండెల దాకా వచ్చింది. ఝాన్సీ తల వాడి చెవి దగ్గరే ఆగిపోయింది. అక్క కంటే తమ్ముడు ఎత్తు. "నేనే అన్నయ్యని!" అని వాడు ఎగురుతున్నాడు. ఝాన్సీ కూడా నవ్వుతోంది. ఒంట్లో ఏ లోటూ లేదు. తింటోంది, ఆడుతోంది, చదువుతోంది. మంచి పిల్ల.

మర్నాడు పొద్దున్న ఎండ పడే చోట పిల్లల్ని కూర్చోబెట్టి గోళ్ళు తీయడం మొదలుపెట్టాను. దూరంగా ఉన్నప్పుడు నేను చేయలేని పనుల్లో ఇదొకటి. వెంకీ గోళ్ళ నిండా మట్టి. వాణ్ణి తిట్టి, కత్తిరించి పంపేశాను. ఝాన్సీ చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాను. గోళ్ళు చక్కగా, నిన్ననే తీసినట్టు గుండ్రంగా ఉన్నాయి.

"నాన్నమ్మ తీసిందా?"

"లేదమ్మా. అప్పుడెప్పుడో తీసింది. నువ్వు వానలో తడిసి ఏడ్చావే, ఆ రోజు పొద్దున్న."

"మళ్ళీ?"

"మళ్ళీ పెరగలేదు."

కత్తెర చేతిలోనే ఉండిపోయింది. ఝాన్సీ నా చెయ్యి మెల్లగా తన మీద నుంచి తీసి, తలుపు దగ్గరగా వేసి ఉన్న గది వైపు చూపించింది. నా చెవిలో రహస్యంలా అంది.

"నావి అక్కర్లేదు. అక్కకి తియ్యమ్మా. బాగా పెద్దవైపోయాయి. రాత్రి నన్ను పట్టుకుని పడుకుంటే గుచ్చుకుంటున్నాయి."