ఆవకాయ వాసనకి ఇంగ్లీషు మాట

రాధకి బెంచీ మీద ముళ్లున్నట్టే ఉంది. అటు జరిగింది, ఇటు జరిగింది.

"వంతు నాదైతే కంగారు నీకెందుకే?" అని నవ్వింది పక్కనున్న ఇన్నమ్మ.

స్వరాజ్యం వచ్చిన తరవాతి వేసవి అది. నూజివీడు తోటల్లో మామిడికాయ కోతకొచ్చింది. హైమవతి టీచరు క్లాసులో ఆ మధ్యాహ్నం ప్రతి పిల్లా తన ఇంటి దగ్గరి వాసన గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలి. వాసనల మాటలు నేర్పిన రోజు ఇన్నమ్మ బడికి రాలేదు. అందుకే నిన్న సాయంత్రం రాధని అడిగింది.

"మా అమ్మ పెట్టిన కొత్తావకాయ వాసనకి ఏమనాలే?"

రాధ తొక్కుడుబిళ్ల ఆటలో ఉంది. "స్టింకింగ్ అను. ఏదైతేనేం, అన్నీ గట్టి వాసనలేగా!" అనేసి గెంతుకుంటూ పోయింది.

ఇందాక శారద లేచి మురిక్కాలవని స్టింకింగ్ అంది. అప్పుడు గుర్తొచ్చింది రాధ మహాతల్లికి! అది కంపుకి వాడే మాట. ముక్కుకెక్కే ఘాటుకి వేరే ఉంది, పంజెంట్ అని.

చెప్పేద్దామా? టీచరు తిడితే? గుమ్మంలో ఇన్నమ్మ వాళ్లమ్మ కనకమ్మ కూడా ఉంది. కూతురి ఇంగ్లీషు వినాలని కోత పని వదిలి వచ్చింది. టీచరు కోసం గిన్నెలో ఆవకాయ తెచ్చింది.

"ఇన్నమ్మా, నువ్వు చెప్పు," అంది టీచరు.

ఇన్నమ్మ గొంతెత్తింది. "మై మదర్స్ పికిల్ ఈజ్ స్టింకింగ్!"

క్లాసంతా గొల్లుమంది. మెచ్చుకుంటున్నారనుకుని కనకమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వు చూసేసరికి రాధకి ఏడుపొచ్చింది. చటుక్కున లేచింది.

"నాదేనండీ తప్పు! ఆటలో పడి, నోటికొచ్చింది చెప్పేశాను."

"ఏంటమ్మా, మా పిల్ల ఏమంది?" అని అడిగింది కనకమ్మ.

రాధే చెప్పింది. "మీ ఆవకాయ కంపు కొడుతుందని, పిన్నీ. నేనే అలా అనమన్నాను."

కనకమ్మ మొహం చిన్నబోయింది. ఇన్నమ్మ రాధ వైపు చూడనే లేదు.

రాధ గుమ్మం దగ్గరికెళ్లి గిన్నె మూత తీసింది. గట్టిగా వాసన పీల్చింది. ఆవపిండి ఘాటు నషాళానికంటింది. తుమ్ము మీద తుమ్ము!

"పంజెంట్!" అంది ముక్కు తుడుచుకుంటూ. "అంటే ఘాటు పిన్నీ. నోరూరించే ఘాటు."

"మరి అది చెప్పవే," అంది కనకమ్మ కూతురితో.

ఇన్నమ్మ మూతి ముడుచుకునే ఆ మాట చెప్పింది. కాసేపటికి, రాధ వచ్చి పక్కన కూర్చున్నాక, ఎటో చూస్తూ అడిగింది.

"ఎండుటాకులు తగలబెడితే కళ్లు మండే పొగ వస్తుందిగా, ఆ వాసనకేమంటారు?"



"నాకు తెలీదే. టీచరుని అడిగొస్తా, ఉండు," అని లేచింది రాధ.